బుద్ధ పూర్ణిమ నాడు వదిలేసిన రీలు

బుద్ధ పూర్ణిమ అంటే నాకిప్పటికీ పడదు. ఆ మాట అంటే మా ఆవిడకు ఒళ్ళు మండుతుంది. "ఆ మహానుభావుడు మీకేం ద్రోహం చేశాడండీ?" అంటుంది. ఆయనేం చేయలేదు. చేసిందంతా మేమే. మేమంటే హైటెక్ సిటీ కొత్తగా లేస్తున్న రోజుల్లో అక్కడొక కంపెనీలో ఏసీ గదుల్లో కూర్చుని జీతాలు తీసుకున్నవాళ్ళం. అందులోనూ ముఖ్యంగా నేను.

తొంభైల చివరి సంవత్సరాలవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మర్చిపోతాయని లోకమంతా హడలి చస్తోంది. మా కంపెనీ ఆ హడలు మీదే బతికేది. కుర్రాళ్ళు రాత్రీ పగలూ తెరల ముందు కూర్చుని అమెరికా బ్యాంకుల లెక్కలు సరిచేస్తుండేవాళ్ళు. నాకు కంప్యూటర్ ఆన్ చేయడం తప్ప ఏమీ రాదు. నేను తెనాలి వైపు వాణ్ణి, తెలుగు ఎమ్మే. ఆహ్వాన పత్రికలు రాయడం, ప్రభుత్వానికి తెలుగులో ఉత్తరాలు రాయడం, సభల్లో మైకు పట్టుకోవడం నా ఉద్యోగం. అందరూ నన్ను మాస్టారూ అనేవాళ్ళు. అందులో సగం వెటకారమని తెలిసినా నాకు లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఒకరోజు మా జనరల్ మేనేజరు నన్ను పిలిచి, "మాస్టారూ, బుద్ధ పూర్ణిమకి మనం ఓపెన్ ఎయిర్‌లో బౌద్ధ ఫిలిం ఫెస్టివల్ చేస్తున్నామండీ" అన్నాడు. ఆయనకి బుద్ధుడి మీద ఉన్నట్టుండి భక్తి ఎందుకు పుట్టిందంటే, తూర్పు దేశాల నించి ఎవరో క్లయింట్లు వస్తున్నారు, వాళ్ళు బౌద్ధులు. బుద్ధుణ్ణి చూపించి కాంట్రాక్టు కొట్టేద్దామని ఎత్తు. తీరా ఆ క్లయింట్లు పండక్కి రెండ్రోజుల ముందే విమానం ఎక్కి వెళ్ళిపోయారు. కానీ అప్పటికే కార్డులు అచ్చయిపోయాయి. ముఖ్య అతిథి ఒప్పుకున్నాడు. ముఖ్య అతిథి ఒప్పుకున్నాక మన దేశంలో ఏ సభా ఆగదు కదా.

నన్నే తిరిగి సినిమాలు పోగు చేయమన్నారు. రెండు దొరికాయి. ఒకటి విదేశీ భిక్షువుల మీద తీసింది. రెండోది కృష్ణ ఒడ్డున ఒక పాత స్తూపం తవ్వకాల మీద ప్రభుత్వ శాఖ ఏదో పదేళ్ళ కిందట తీసిన డాక్యుమెంటరీ. అది రెండు రీళ్ళు. రేకు డబ్బాల్లో వేరే ఊరి నించి రైలు పార్శిల్లో వచ్చింది. పండగ మర్నాడే తిరిగి పంపేయాలని ఉత్తరంలో రెండుసార్లు గీత గీసి మరీ రాశారు.

పండక్కి వారం ముందు శనివారం, ఆ డాక్యుమెంటరీని ఆఫీసు కాన్ఫరెన్స్ హాల్లో ఒకసారి వేసి చూశాం. వ్యాఖ్యానం ఇంగ్లీషులో ఉంది, నేను దానికి తెలుగు రాసుకోవాలి. ప్రొజెక్టరు ఆపరేటరు, జనరల్ మేనేజరు, నేను, అంతే ఉన్నాం. మా ఆఫీసులో ఊడ్చి, తుడిచి, టీలు ఇచ్చే ఒకావిడ ఉండేది. పుప్పాలగూడ మనిషి. ముప్పై, ముప్పైరెండేళ్ళు ఉంటాయేమో. ఆవిడ వెనకవైపు నేల తుడుస్తోంది. తెర మీద మట్టి దిబ్బ, పలుగులు, పారలు, బుట్టలెత్తే ఆడవాళ్ళు. తర్వాత ఒక మనిషి భుజం మీద పెద్ద రాతిపలక పెట్టుకుని ఇటే నడిచివచ్చాడు. తలకి తెల్లగుడ్డ. కెమెరా ముందుకి రాగానే ఒక్క క్షణం ఆగి, దాని వైపు చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వి, పక్కకి వెళ్ళిపోయాడు.

వెనక బకెట్ తన్నుకున్న చప్పుడైంది. తిరిగి చూస్తే ఆవిడ తడిగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడిపోయి ఉంది. నీళ్ళు కార్పెట్ మీద పోతున్నాయి.

"సారూ, జర ఆపమనుండ్రి. గాయన మా ఆయన."

"ఏంటమ్మా?" అన్నాను.

"మా ఆయన సారూ. నా మొగుని నడక నాకు ఎరుకలేదా? మళ్ళొక్కపారి ఏయమనుండ్రి."

సరిగ్గా అప్పుడే జనరల్ మేనేజరుకి లంచ్ వచ్చింది. ఆయన లేచి లైటు వేసేశాడు. "ఫస్ట్ రీల్లో ఏముందండీ, కూలీలు మట్టి తవ్వడం తప్ప. రెండోది బాగుంటుందట, మ్యూజియం, విగ్రహాలు. అది మీరు తర్వాత చూసుకోండి" అని, కార్పెట్ తడిసినందుకు ఆవిణ్ణి ఇంగ్లీషులో తిట్టి వెళ్ళిపోయాడు. ఆపరేటరు రీలు చుట్టేశాడు.

ఆ మధ్యాహ్నం టీ ఇస్తూ ఆవిడ నాకు అంతా చెప్పింది. రాళ్ళు కొట్టే కుటుంబం వాళ్ళది. ఒక మేస్త్రీ వాళ్ళ ఊరి నించి ఆవిడ భర్తనీ ఇంకొంతమందినీ కృష్ణ ఒడ్డుకి రాళ్ళు ఎత్తే పనికి తీసుకెళ్ళాడు. అక్కణ్ణించి వచ్చిన ఆరు నెలలకే ఇక్కడ క్వారీలో మందుగుండు పేలి, బండ మీద పడి ఆ భర్త పోయాడు. అప్పుడు ఆవిడకి ఐదో నెల.

"మా పిల్ల నాయన మొకం సూడలే సారూ. ఒక్క ఫోటో లేదు మా ఇంట్ల. పెండ్లిల తీయించుకోలే. అందరు నాయన పోలికే అంటరు. అది అద్దం ముంగట నిలవడి, అమ్మా, నాయన ముక్కు గిట్లనే ఉండెనా, కండ్లు గిట్లనే ఉండెనా అని అడుగుతది. నేనేం జెప్పాలె? తొమ్మిదేండ్లాయె, నాకే సక్కగ యాదికొస్తలేదు."

నాకు గుండె కరిగిపోయింది. నాకు గుండె తొందరగానే కరుగుతుంది, అదే నా రోగం. కరగడం దగ్గరే ఆగిపోతాను. "ఏం ఫర్వాలేదమ్మా. పూర్ణిమ నాడు సాయంత్రం మైదానంలో పెద్ద తెర మీద వేస్తాం. మీ అమ్మాయిని తీసుకురండి. ముందు వరసలో కూర్చోబెడతాను. పూచీ నాది" అన్నాను. ఆవిడ నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. నేను వెనక్కి జరిగి పెద్దమనిషిలా వద్దన్నాను.

ఆ వారమంతా మా వాళ్ళు చేసిన ఏర్పాట్లు చూస్తుంటే రోత పుట్టింది. ఆఫీసు వెనక బండల మధ్య ఖాళీ స్థలం ఎంచుకున్నారు. చదును చేయడానికి పొక్లెయిన్ తెప్పించారు. గుట్టలా ఉన్న ఒక బండ అడ్డం వచ్చిందని మందు పెట్టి పేల్చేశారు. పేలుడుకి బండ కిందున్న జెర్రిగొడ్డు పాము ఒకటి బయటికి వచ్చింది. నలుగురు కలిసి దాన్ని కర్రలతో చితక్కొట్టి, కర్రకి చుట్టి, స్వాగత ద్వారం గుంజకి ఆనించి మర్చిపోయారు. ద్వారం మీద నా చేతిరాతలోనే పెద్ద అక్షరాల్లో 'అహింసా పరమో ధర్మః' అని ఉంది. మే నెల ఎండకి మర్నాటికల్లా అది కంపు కొట్టడం మొదలైంది. తీసేయమని నలుగురికి చెప్పాను. సూపర్‌వైజర్ని చూసుకోమన్నారు. సూపర్‌వైజరు గార్డెనింగ్ వాళ్ళని చూసుకోమన్నాడు. నేను మాత్రం ముట్టుకున్నానా? ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాను.

వేదిక మీదకి పది అడుగుల థర్మోకోల్ బుద్ధుణ్ణి చేయించారు. తెల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉన్నాడు. జనరల్ మేనేజరుకి బంగారు రంగు కావాలనిపించింది. డబ్బా రంగు తెచ్చి స్ప్రే కొట్టారు. ఆ రంగుకి థర్మోకోల్ కరిగిపోతుందని ఇంజనీర్లతో నిండిన ఆ కంపెనీలో ఒక్కడికీ తెలియదు. చూస్తుండగానే బుద్ధుడి ముక్కు లోపలికి దిగిపోయింది, చెంప మీద గుంట పడింది. ఇక దానికి న్యూస్ పేపరు ముక్కలు గమ్ముతో అతికించి, పైన గోపీచందనం రంగు పూశారు. దగ్గరికెళ్ళి చూస్తే బుద్ధుడి ముక్కు మీద ప్లాట్ల అమ్మకం ప్రకటన సగం కనబడుతోంది.

పండగ రోజు ఆరింటికే జనం రావడం మొదలుపెట్టారు. మా కుర్రాళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, బాచుపల్లి వైపు నించి ఏదో కాలేజీ బస్సులో తెచ్చిన పిల్లలు. ఆ పిల్లల్ని ఎందుకు తెచ్చారంటే కుర్చీలు నిండడానికి. ఒకపక్క షామియానా కింద మజ్జిగ, పులిహోర. ఆవిడ కూతుర్ని తీసుకుని ఐదున్నరకే వచ్చేసింది. ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకున్నారు. పిల్ల రెండు జడలకీ ఎర్ర రిబ్బన్లు. అంత సన్నటి మొహంలో కళ్ళు మాత్రం ఇంతేసి ఉన్నాయి. నేను ముందు పరిచిన జంపఖానా మీద ఆ పిల్లని కూర్చోబెట్టాను. తల్లి పక్కన కూర్చోబోతుంటే సూపర్‌వైజరు వచ్చాడు.

"ఏయ్, నువ్వేంది గీడ? పో, మజ్జిగ గ్లాసులు కడుగు. మనుషులు లేక నేను పరేషాన్ అయితున్న."

ఆవిడ నా మొహం చూసింది. "సినిమా మొదలయ్యేటప్పుడు నేను పిలిపిస్తానమ్మా" అన్నాను. ఆవిడ వంగి కూతురి గడ్డం పట్టుకుని చెప్పింది.

"ఇగో, ఇను. నాయన తలకు తెల్ల రుమాల్ కట్టుకోని ఉంటడు. బండ మోసుకొస్తడు. మన దిక్కు సూసి నవ్వుతడు. గంతే, పోతడు. నువ్వు రెప్ప కొట్టకు. అటు ఇటు సూడకు. సమజైందా?"

పిల్ల తలూపింది. ఆ వెలుతురులోనే, తెర మీద ఏమీ లేకుండానే, రెప్ప కొట్టకుండా చూడడం మొదలుపెట్టింది.

ముఖ్య అతిథి ఆరున్నరకి రావాలి. ఏడు దాటినా రాలేదు. ఆయన ఎవరని అడగకండి. పెద్దమనిషి. ఆ చుట్టుపక్కల భూములు కొని అమ్మి పెద్దమనిషి అయినవాడు. చీకటి పడింది, చంద్రుడు బండల మీదికి వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ కాసేపే బాగుంది. ఆయన వచ్చేలోగా జనం లేచిపోతారేమోనని భిక్షువుల సినిమా మొదలుపెట్టాం. పావుగంట నడిచిందో లేదో, రోడ్డు మీద కార్ల లైట్లు కనబడ్డాయి. జనరల్ మేనేజరు పరిగెత్తుకొచ్చి, "ఆపు, ఆపు, లైట్స్!" అని అరిచాడు. తెర మీద ఒక ముసలి భిక్షువు ఏదో చెప్పబోతూ నోరు తెరిచాడు. అలాగే పోయాడు. ఫ్లడ్ లైట్లు వెలిగాయి. అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం.

మన సభల సంగతి మీకు నేను చెప్పాలా? ముందు వేదికని అలంకరించవలసిందిగా కోరాలి. ఒకరిద్దర్ని పిలిస్తే పిలవనివాళ్ళకి కోపం. అందుకని పదకొండు మందిని పిలిచాను. ఒక్కొక్కరికీ ముందో విశేషణం, వెనకో విశేషణం. వాళ్ళు ఒకరినొకరు 'మీరు ముందు, కాదు మీరు ముందు' అనుకుంటూ ఎక్కడానికే బోలెడు సేపు పట్టింది. తర్వాత జ్యోతి ప్రజ్వలన. ఆరుబయట గాలి. వెలిగించిన వత్తి వెలిగించినట్టే ఆరిపోతుంది. పదకొండు మందీ కొవ్వొత్తి పట్టుకుని ఫోటోకి నవ్వాలి కదా. ఫోటో తీసే అతను 'సార్ ఒక్కసారి ఇటు, ఇంకొక్కసారి' అంటాడు. ఆపైన పూలదండలు. దండ తర్వాత శాలువా. శాలువా తర్వాత జ్ఞాపిక.

ఇక ముఖ్య అతిథి పరిచయం. ఇది నా పని. ఇక్కడ ఎవరినీ తిట్టడానికి లేదు. నాలుగు రాత్రులు కూర్చుని రాసుకున్నాను. మైకు నా చేతిలోకి రాగానే నాకు ఒళ్ళు తెలియదు. ఆ భూముల బేరగాణ్ణి శాక్యముని అడుగుజాడల్లో నడిచే కర్మయోగి అన్నాను. రాజ్యాన్ని వదిలి వెళ్ళిన సిద్ధార్థుడికీ, ప్లాట్లు వేసిన ఆయనకీ పోలికలు చెప్పాను. జనం చప్పట్లు కొట్టేసరికి కాగితంలో లేనివి కూడా కలిపాను. నా పరిచయమే పావుగంట పట్టింది. మొదటి రీలు నిడివి కూడా పావుగంటే.

ఆయన మాట్లాడటానికి లేచాడు. "బుద్ధుడు ప్రపంచంలో మొట్టమొదటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మనిషిలో ఉన్న కోరిక అనే వైరస్‌ని కనిపెట్టి తీసేసినవాడు" అన్నాడు. చప్పట్లు. ఈ ప్రాంతం ఇంకా ఎంత పెరుగుతుందో, పుప్పాలగూడ దాకా బిల్డింగులు ఎట్లా వస్తాయో, ఇప్పుడు కొనుక్కున్నవాడే తెలివైనవాడో చెప్పాడు. కోరికని జయించమని చెప్పి కూర్చున్నాడు. ఛీ, ఛీ. అయినా నేను మైకు అందుకుని "అద్భుతమైన సందేశం" అన్నాను.

ఇంత జరుగుతున్నా ఆ పిల్ల కదల్లేదు. దోమలు కుడుతున్నాయి, చుట్టూ పిల్లలు తోసుకుంటున్నారు. అది మాత్రం వేదిక మీది మనుషులని దాటి వెనకున్న తెల్లటి తెర వైపే చూస్తోంది.

అప్పుడు నా చేతికి ఒక చీటీ వచ్చింది. జనరల్ మేనేజరు రాసింది. ముఖ్య అతిథికి తొమ్మిదింబావుకి డిన్నరుంది, వెళ్ళేలోపు ఆయనకి మ్యూజియం భాగం చూపించాలి, మొదటి రీలు వదిలేసి నేరుగా రెండో రీలు వేయించండి, అని.

చీటీ చదివాక ఆయన దగ్గరికి వెళ్ళాను. వెళ్ళలేదని అనుకోకండి. వేదిక పక్కన నిలబడి ఉన్నాడు. "సార్, మొదటి రీల్లో..." అన్నాను.

"మొదటి రీల్లో ఏంటండీ?" అన్నాడు చిరాగ్గా, కళ్ళు ముఖ్య అతిథి మీద పెట్టి.

చెప్పాలి కదా. మన ఆఫీసులో టీ ఇచ్చే మనిషి భర్త అందులో ఉన్నాడు సార్, ఆ పిల్ల తండ్రి మొహం ఎప్పుడూ చూడలేదు సార్ అని. రెండు ముక్కలు. అరనిమిషం పట్టదు. పావుగంట సేపు మైకులో గంగాప్రవాహంలా మాట్లాడిన నోటికి ఆ రెండు ముక్కలు రాలేదు. పదకొండు మంది చూస్తున్నారు. టీ ఇచ్చే మనిషి గురించి మాట్లాడితే వాళ్ళు నన్నెట్లా చూస్తారో అని నాకు బెంగ.

"ఏంలేదు సార్. మీ ఇష్టం" అన్నాను.

ప్రొజెక్టరు దగ్గరికి వెళ్ళి ఆపరేటరుకి చెప్పాను. ముసలాయన, పాతబస్తీ మనిషి. వారం కిందట హాల్లో ఆవిడ అడిగింది ఆయనా విన్నాడు. రెండో డబ్బా చేతిలోకి తీసుకోకుండా నా మొహం చూశాడు.

"గా అమ్మ ఆద్మీ మొదటి దాంట్ల ఉండె గదా సార్?"

"ఉన్నాడు. కానీ టైం లేదండీ."

"ఐదు నిమిషాలు ఏస్త. శురూలనే వస్తడు. ఆయన నవ్వి పోంగనే డబ్బా మార్స్త. ఎవరికి ఎరుక? అడిగితే గల్తీ నాదే అని చెప్త. నా నౌకరీ మీ కంపెనీది కాదు, నాకేం ఫికర్ లేదు."

ఇంతకంటే ఎవరు ఏం చేస్తారు? ముక్కూ మొహం తెలియని మనిషి తప్పు తన నెత్తిన వేసుకుంటానన్నాడు. నేను తల ఊపితే చాలు. "వద్దండీ, చెప్పినట్టు వేయండి. మళ్ళీ మాటొస్తుంది" అన్నాను. ఆయన మొదటి డబ్బా పక్కన పెట్టాడు. రెండో డబ్బా మూత తీశాడు. మళ్ళీ నా వైపు చూడలేదు.

నేను మైకు దగ్గరికి వెళ్ళి, గొంతు సవరించుకుని, "సమయాభావం వల్ల చిత్రంలోని ప్రథమ భాగాన్ని విరమించుకుని, ద్వితీయ భాగాన్ని ప్రదర్శిస్తున్నామని తెలియజేయడానికి విచారిస్తున్నాం" అన్నాను. ఆ వాక్యం ఆ పిల్లకి అర్థం కాదని నాకు తెలుసు. అర్థం కాకూడదనే అలా అన్నానేమో కూడా.

తల్లిని పిలిపిస్తానన్న మాట అప్పుడు గుర్తుకొచ్చింది. పిలవలేదు. షామియానా వెనక, డీజిల్ జెనరేటరు పక్కన, ఆ రొదలో ఆవిడ గ్లాసులు కడుగుతూనే ఉంది.

రెండో రీల్లో మ్యూజియం. పాలరాతి పలకలు, అద్దాల బీరువాలు, కెమెరాలు మెడలో వేసుకున్న విదేశీయులు. ఒకచోట గుమ్మం దగ్గర కుర్చీలో వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. ఖాకీ బట్టలు, టోపీ. కెమెరా తన మీదికి రాగానే సిగ్గుపడి నవ్వాడు. ముఖ్య అతిథి సగంలో లేచి వెళ్ళిపోయాడు. ఆయనతో పదిమంది లేచారు. ఆ వెనకే జనమూ లేచారు. తెర మీద బుద్ధుడి శాంతమైన మొహం నిలబెట్టి చూపిస్తుంటే, దాని ముందు నించి తలకాయల నీడలు పోతున్నాయి. పులిహోర కోసం తోపులాట. తొక్కిన విస్తళ్ళు, ఒలికిన మజ్జిగ, ప్లాస్టిక్ గ్లాసులు. గుంజకి ఆనించిన చచ్చిన పాము వాసన గాలి తిరిగినప్పుడల్లా వస్తోంది.

లైట్లు వేశాక ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. పిల్ల జంపఖానా మీద అలాగే కూర్చుని ఉంది.

"సూసినవా బిడ్డా? నాయనను సూసినవా?"

"రాలేదమ్మా. బండలు మోసెటోళ్ళు ఎవ్వరు రాలే."

"రాకపోవుడేంది? సక్కగ సూసినవా?"

"సూసిన. రెప్ప గూడ కొట్టలే."

ఆవిడ లేచి నా దగ్గరికి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, కోపమేమీ లేకుండానే అడిగింది. "సారూ, మా ఆయన వచ్చిండా? పిల్ల రాలేదంటున్నది."

అప్పటికైనా నిజం చెప్పి ఉండవచ్చు. ఆపరేటరు ఇంకా రీళ్ళు సర్దుతూనే ఉన్నాడు. ప్రొజెక్టరు ఇంకా విప్పలేదు. జెనరేటరు నడుస్తోంది. పెద్దమనుషులందరూ వెళ్ళిపోయారు. ఆ తల్లీపిల్లల కోసం మళ్ళీ వేయడానికి అడ్డం వచ్చేవాడు లేడు. కానీ వేయించాలంటే ముందు వేయలేదని ఒప్పుకోవాలి. ఎందుకు వేయలేదో చెప్పాలి.

"వచ్చాడమ్మా. నేను చూశాను" అన్నాను. "చిన్నపిల్ల కదా, చూసుకుని ఉండదు."

ఆవిడ వెనక్కి తిరిగి రెండంగల్లో పిల్ల దగ్గరికి వెళ్ళి చెంప మీద ఛెళ్ళున కొట్టింది. ఇంకోటి కొట్టింది. "రెప్ప కొట్టకని చెప్పిన గదనే! ఎటు సూసినవే? మళ్ళ ఎప్పుడొస్తడే మీ నాయన? మళ్ళ ఎవడు సూపెడ్తడే?" అని కొడుతూ తనే ఏడుస్తోంది. పిల్ల మొదట "లే అమ్మా, నేను సూసినా, రాలే అమ్మా" అంది. మూడో దెబ్బకి ఆగింది. నా వైపు ఒకసారి చూసింది. తర్వాత చెంప పట్టుకుని, "సూసిన. నవ్విండు" అంది.

తల్లి చెయ్యి అక్కడే ఆగిపోయింది. "నవ్విండా?"

"ఆఁ. మన దిక్కు సూసి నవ్విండు."

ఆవిడ కూతుర్ని గుండెలకి హత్తుకుని నేల మీద కూలబడింది. వెనక నించి రేకు డబ్బా మూత పెట్టిన చప్పుడు వినిపించింది. ఆపరేటరు నా పక్క నించి పెట్టె మోసుకుంటూ వెళ్ళాడు. ఆయన కిందికి ఉమ్మేశాడు. నా మీద కాదు, నేల మీదే. అయినా నాకు తగిలింది.

మర్నాడు పొద్దున రీళ్ళు నేనే స్టేషనుకి తీసుకెళ్ళి పార్శిల్ చేశాను. ఆ శాఖకి ఉత్తరం రాస్తే మళ్ళీ పంపేవాళ్ళే. ఉత్తరాలు రాయడమే కదా నా ఉద్యోగం. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్నాను. రాయలేదు.

ఎండాకాలం సెలవులు కాబట్టి పిల్ల కొన్నాళ్ళు తల్లితో ఆఫీసుకి వచ్చేది. ఒక మధ్యాహ్నం తల్లి కిందికి వెళ్ళినప్పుడు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. మెల్లగా అడిగింది.

"సారూ, మా నాయన నౌకరీ చేసెటోడా?"

నాకు అర్థం కాలేదు. "ఎందుకమ్మా?" అన్నాను.

"సినిమాల కుర్సీల కూసున్నడు గదా. టోపీ పెట్టుకున్నడు. ఖాకీ బట్టలేసుకున్నడు. మన దిక్కు సూసి నవ్వింది ఆయనొక్కడే. ఆయనే గదా మా నాయన?"

వారం రోజులుగా ఆ పిల్ల అద్దం ముందు నిలబడి ఆ వాచ్‌మన్ ముక్కునీ కళ్ళనీ తన మొహంలో వెతుక్కుంటోందని నాకు అప్పుడు తెలిసింది. నిజం చెబితే తండ్రి పోతాడు, చెప్పకపోతే తండ్రి మారిపోతాడు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. నిజం చెబితే ఇది వెళ్ళి తల్లికి చెబుతుంది, తల్లి నా దగ్గరికి వస్తుంది.

"అవునమ్మా, ఆయనే" అన్నాను.

పిల్ల మొహం విప్పారింది. వెంటనే తలుపు వైపు భయంగా చూసి, నా బల్ల మీదికి వంగి గొంతు తగ్గించింది.

"అమ్మకు చెప్పకుండ్రి సారూ. నాయన బండలు మోసెటోడని అందరితోని చెప్పుకుంటది. ఆమెకు సక్కగ యాదిలేదు. మర్సిపోయిన అని తెలిస్తే ఏడుస్తది."

"చెప్పనమ్మా" అన్నాను. ఆ తల్లీకూతుళ్ళకి నేనిచ్చిన మాటల్లో అదొక్కటీ నిలబెట్టుకున్నాను, ఛీ.